గింజ ఎవరి చేతిలో ఉంటే అన్నం వాళ్ల చేతిలో

(మోత్కూర్‌లో జరిగిన ఆదివాసీ యువజన సమావేశంలో చేసిన ప్రసంగం. చదవడానికి వీలుగా కొద్దిగా సరిచేసి పెడుతున్నం.)



ఈ రోజు నాకు ఇచ్చిన అంశం తిండి. భూమి గురించి, రిజర్వేషన్ గురించి, ఉద్యోగాల గురించి మనం గంటలు గంటలు మాట్లాడుతం. తిండి గురించి మాట్లాడమంటే మాత్రం "అది ఆడోళ్ల ముచ్చట, అంగన్‌వాడీ ముచ్చట" అనుకుంటం. కానీ ఒక్క లెక్క వినుండ్రి. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణల ఆరు నెలల నుంచి అయిదేండ్ల లోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉంది. 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లల్ల నూటికి 57 మందికి పైగా ఉంది. అయిదేండ్ల లోపు పిల్లల్లో నూటికి 33 మంది వయసుకు తగ్గ ఎత్తు పెరుగుతలేరు. ఇది మొత్తం రాష్ట్రం లెక్క. గూడెం లెక్క, తండా లెక్క, పెంట లెక్క విడిగా తీస్తే ఎట్లుంటదో మీరే ఆలోచించుండ్రి.

మరి మనకు బియ్యం రావట్లేదా? వస్తున్నయి. ఆ మాట నిజాయితీగా ఒప్పుకోవాలె. 1983ల ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. అంతకుముందు మన ముసలోళ్లకు బియ్యం అన్నం అంటే పండుగ తిండి. 2013ల జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది, తిండి సర్కారు దయ కాదు, హక్కు అని రాసింది. 2025 ఉగాది నాడు మన పాత నల్లగొండ జిల్లాలోని హుజూర్‌నగర్‌లనే సన్నబియ్యం పంపిణీ మొదలుపెట్టిండ్రు. ఇప్పుడు కార్డుల ఉన్న ఒక్కో మనిషికి నెలకు ఆరు కిలోలు, అంత్యోదయ కార్డు ఉంటే ఇంటికి 35 కిలోలు. దీన్ని నేను తక్కువ చేసి మాట్లాడ. ఈ బియ్యం లేకపోతే మన ఇళ్లల్ల చాలా పొయ్యిలు వెలగవు.

అయితే కడుపు నిండుతున్నది, ఒంట్లోకి రక్తం వస్తలేదు. ఎందుకు? తెల్లగ పాలిష్ పట్టిన బియ్యం 100 గ్రాములు తింటే ఇనుము ఒక్క మిల్లీగ్రాము కూడా రాదు. అదే సజ్జల్లో ఆరు మిల్లీగ్రాములు ఉంటది. తైదల్లో 100 గ్రాములకు 350 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటది, తెల్ల బియ్యంల పది కూడా ఉండదు. అన్నం పక్కన పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు ఉంటే లెక్క సరిపోతది. కానీ కూలికి పోయే ఇంట్ల అన్నం పక్కన ఏముంటది? పచ్చి పులుసు, కారం. రేషన్ షాపుల బియ్యం దొరుకుతది, మిగిలిన పళ్లెం అంగట్ల కొనాలె. కందిపప్పు ధర చూసి వెనక్కి తిరిగొచ్చే అక్కలు ఇక్కడనే ఉన్నరు.

అందుకే ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. సర్కారు ఇచ్చేది మనం గట్టిగ అడిగి తీసుకోవాలె. దాంతోపాటు, ఏ గింజ తినాలె, ఎక్కడ పండించాలె, ముందు ఎవరింటికి పోవాలె అన్న నిర్ణయం ఊరి చేతిలోకి తెచ్చుకోవాలె. ఇది ఉత్త మాట కాదు. మన తెలంగాణలనే చేసి చూపించిండ్రు. చేసినోళ్లు పెద్ద చదువులు చదివినోళ్లు కాదు. జహీరాబాద్ దళిత ఆడవాళ్లు. ఆ కథ మనకు ఎందుకు పనికొస్తదో చెప్తా.

జహీరాబాద్ అంటే పాత మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి. మన మోత్కూర్ లెక్కనే అది కూడా మెట్ట. బావి నీళ్లు ఉన్నోడికి ఒక బతుకు, వాన మీద ఆధారపడ్డోడికి ఇంకో బతుకు. అక్కడ పస్తాపూర్ ఊరు కేంద్రంగా 1983ల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. ఊరూరా ఆడవాళ్ల సంఘాలు పెట్టుకున్నరు. దాదాపు 75 ఊళ్లల్ల, దాదాపు అయిదు వేల మంది. ఎక్కువ మంది దళితులు, చాలామంది సంతకం రానోళ్లు. వాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన భూమి ఉంది. కానీ అది రాళ్ల భూమి, బీడు. దున్నడానికి పైసల్లేవు. అందుకని సొంత భూమిని బీడు పెట్టి, వేరేటోళ్ల పొలంలకు కూలికి పోయేటోళ్లు, వచ్చిన కూలితోని రేషన్ బియ్యం కొనేటోళ్లు.

అప్పుడు వాళ్లకొక ప్రశ్న వచ్చింది. ఎక్కడో కాలువ కింద పండిన వడ్లు, మిల్లుల పాలిష్ అయి, గోదాముల పడి, లారీలెక్కి మన ఊరికి రావడానికి సర్కారు ఇంత ఖర్చు పెడుతున్నది కదా, ఆ పైసల్లో కొంచెం మా బీడు మీద పెడితే మా ఊరి జొన్న మేమే పండించి మా ఊర్లనే పంచుకోలేమా? 1990ల మధ్యల కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయం తీసుకొని మొదలుపెట్టిండ్రు. మొదట్ల సుమారు 30 ఊళ్లు, రెండున్నర వేల ఎకరాలకు పైగా బీడు.

పద్ధతి ఎట్లుందో జాగ్రత్తగ వినుండ్రి, మనం నేర్చుకోవాల్సింది అక్కడనే ఉంది. భూమి ఉన్న పేద ఇంటికి దున్నడానికి, పెంట ఎరువు తోలడానికి, విత్తనానికి, కలుపుకు అప్పు ఇచ్చిండ్రు. ఒక్కసారే కాదు, పని అయిన కొద్దీ విడతలు విడతలుగ. ఆ అప్పును పైసల్లో కట్టాల్సిన పని లేదు. జొన్నల్లో కట్టాలె, అది కూడా కొన్నేండ్ల మీద కొంచెం కొంచెంగ. అట్ల వచ్చిన జొన్నలు ఊర్లనే నిల్వ పెట్టిండ్రు. వేపాకు, బూడిద వేసి, గుమ్ములకు మట్టి పూసి, పాత పద్ధతిలనే పురుగు పట్టకుండా కాపాడుకున్నరు. వానాకాలం మొదలై ఇంట్ల గింజలు అయిపోయిన నెలల్లో ఆ జొన్నలను పేదోళ్లకు చౌకగ ఇచ్చిండ్రు. వచ్చిన పైసలు ఊరి ధాన్య నిధిలకు పోయినయి. ఆ నిధితోని మళ్లా ఇంకొంత బీడు సాగులకు తెచ్చిండ్రు.

మరి పేదోళ్లు ఎవరని ఎట్ల తేల్చిండ్రు? ఆఫీసుల కూర్చొని కాదు. ఊరి నడుమ నేల మీద రంగులతోని ఊరి పటం వేసిండ్రు, ముగ్గు వేసినట్టు. ఇల్లిల్లూ గుర్తు పెట్టిండ్రు. భూమి లేని ఇల్లు ఏది, సంపాదించే చెయ్యి లేని ఇల్లు ఏది, ఒంటరి ఆడమనిషి ఇల్లు ఏది అని అందరి ముందట మాట్లాడుకున్నరు. అన్నిటికంటే కష్టంల ఉన్న ఇంటికి ఎక్కువ, కొంచెం నిలదొక్కుకున్న ఇంటికి తక్కువ. పట్టపగలు, అందరి కళ్ల ముందట తేల్చిన లిస్టుల పెద్దమనిషి చుట్టం పేరు దూర్చడం కష్టం.

ఒక్క జొన్న పండితే ఏమేమి వచ్చినయో లెక్కెయ్యుండ్రి. మనిషికి గింజ. గొడ్డుకు చొప్ప. గొడ్డు బతికితే పాలు, పెంట. పెంట పడితే భూమి బాగుపడుడు. దున్నుడు, కలుపు, కోతల వల్ల ఊర్లనే కూలి. లారీల వచ్చిన బియ్యం బస్తాల గింజ తప్ప ఇంకేం రాదు కదా. ఇంకో మాట, వాళ్లు ఉత్త జొన్న ఒక్కటే వెయ్యరు. జొన్నల్ల కంది సాళ్లు, పెసర్లు, అనుములు, బొబ్బర్లు, నువ్వులు, కొర్రలు కలిపి వేస్తరు. ఒక పంట పోయినా ఇంకోటి చేతికొస్తది. ఒక్క చెలకల నుంచే రొట్టె, పప్పు, నూనె అన్నీ ఇంటికొస్తయి. పౌష్టికాహారం అంటే పుస్తకంల బొమ్మ ఉంటది కదా, ఆ బొమ్మ మొత్తం ఒక్క చెలకల ఉంటది.

వాళ్ల సంఘాలల్ల విత్తనాల బ్యాంకులు ఉన్నయి. విత్తనం అప్పు తీసుకుంటే, పంట వచ్చినంక తీసుకున్నదానికంటే ఎక్కువ తిరిగివ్వాలె. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద పాత విత్తనాలు పెట్టుకొని ఊరూరా తిరిగే పాతపంటల జాతర చేస్తరు. 2008ల సంగం రేడియో పెట్టుకున్నరు, ఆడవాళ్లే నడుపుతరు. 2019ల ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ అవార్డు వాళ్లకు వచ్చింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించినంక అందరూ జొన్న గురించి మాట్లాడుతున్నరు. ఈ అక్కలు అంతకు పాతికేండ్లకు ముందే చేసి చూపించిండ్రు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. "అన్నా, జహీరాబాద్ ముచ్చట బాగుంది, మోత్కూర్‌ల అయితదా?" అంటరు. మీ మనసుల ఉన్న అడ్డంకులు నేనే చెప్తా.

ఒకటి, పిట్టలు. ఊర్ల ఒక్కడే జొన్న వేస్తే ఊరి పిట్టలన్నీ వాని చేను మీదనే వాలుతయి. అడవి పందులు, కోతులు సరేసరి. గింజ మిగలదు. వచ్చే ఏడు వాడు కూడా పత్తే పెడతడు. జొన్న పోయింది అందుకే, ఎవరికీ ఇష్టం లేక కాదు. దీనికి మందు ఒక్కటే, పక్కపక్క చెలకల పది మంది కలిసి వెయ్యాలె, వంతులేసుకొని కావలి కాయాలె. జొన్న ఒంటరిగా బతికే పంట కాదు, సంఘం ఉంటేనే బతుకుతది.

రెండు, చాకిరి. పాత తిండిని మనం సభలల్ల పొగుడుతం. ఆ జొన్నలు దంచింది ఎవరు, తిరగలి విసిరింది ఎవరు? మన అవ్వలు, అమ్మలు. పొద్దంత కూలి చేసి వచ్చి రాత్రి విసిరేటోళ్లు. బియ్యం వచ్చినప్పుడు వాళ్ల చేతులకు కొంచెం విశ్రాంతి దొరికింది. ఇప్పుడు మళ్లా జొన్న తిందాం, కొర్ర తిందాం అని మగపిల్లలం మైకుల చెప్పి, దంచే పని వాళ్లకు వదిలేస్తే అది అన్యాయం. కొర్రలు, సామలు పొట్టు తీసుడు ఇంకా కష్టం. కాబట్టి గింజతోపాటు గిర్ని గురించి మాట్లాడాలె. నాలుగు ఊళ్లకు ఒక గిర్ని, పొట్టు తీసే మిషన్ ఒకటి, సంఘం చేతిల ఉండాలె. ఐటిడిఎను అడగాల్సిన వాటిల్ల, స్వయం సహాయక సంఘాల లోన్లల్ల ఇది ముందు వరుసల ఉండాలె. వంటింట్ల పని కూడా మనం పంచుకోవాలె తమ్ముళ్లూ.

మూడు, సిగ్గు. హాస్టళ్లల్ల చదివినోళ్లం మనం. జొన్న గట్క పేరు చెప్తే నవ్వినోళ్లను చూసినం. పేదోళ్ల తిండి, అడవోళ్ల తిండి అన్నరు. ఇప్పుడు అదే జొన్న రొట్టె హైదరాబాద్ హోటల్‌ల ఎంత ధర పలుకుతున్నదో చూడుండ్రి. తినే మనిషి మారంగనే తిండికి గౌరవం వచ్చింది. ఆ గౌరవం మన పళ్లెంల ఉన్నప్పుడే ఎందుకు లేకపాయె అని అడగాలె.

నాలుగు, ఆకుకూర. పైసా ఖర్చు లేని పౌష్టికాహారం మన గెట్ల మీదనే ఉండేది. గునుగు, తుమ్మికూర, జొన్నచెంచలి, పొన్నగంటి. విత్తకుండానే వచ్చేవి. పత్తి చేన్లకు గడ్డి మందు కొట్టుడు మొదలైనంక ఆ గెట్లు మాడిపోయినయి. మిగిలిన ఆకు తెంపుకుందామన్నా మందు పడిందేమో అని భయం. భూమి లేని ఇంటోళ్లకు ఇది పెద్ద దెబ్బ. భూమి లేకున్నా గెట్టు మీది ఆకు అందరిదీ అయ్యుండె.

ఇక్కడ నల్లమల పెంటల గురించి ఒక్క మాట చెప్పాలె. మోత్కూర్ దగ్గర పెద్ద అడవి లేదు. కానీ మన చెంచు అన్నలకు అడవే రేషన్ షాపు. గడ్డలు, తేనె, ఇప్పపువ్వు, మొర్రి పండ్లు, తునికి పండ్లు, ఉసిరికాయ, చింతపండు. వాళ్లకు అంత్యోదయ బియ్యం ఇస్తూ అడవిలకు పోనియ్యకపోతే, ఒక చేత్తో అన్నం పెట్టి ఇంకో చేత్తో కూర గుంజుకున్నట్టు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మన హక్కును ఒప్పుకుంది. ఆ హక్కును ఎప్పుడూ ఆదాయం లెక్కలనే చూస్తరు. దాన్ని తిండి హక్కు కింద కూడా మనం అడగాలె. ఉట్నూరు దగ్గర ఆదివాసీ అక్కలు సహకార సంఘం పెట్టుకొని ఇప్పపువ్వు లడ్డూలు చేస్తున్నరు. సారా కోసం అని పేరు పెట్టి చిన్నచూపు చూసిన పువ్వు ఈ రోజు పిల్లల చేతిల లడ్డూ అయ్యింది. మన దగ్గర ఎందుకు కావద్దు?

సరే, ఇక ఏం చెయ్యాలె? నాలుగు పనులు చెప్తా. పెద్ద పనులు కావు. డబ్బున్నోడి కోసం, నాయకుడి కోసం ఎదురు చూడకుండా మొదలుపెట్టేవి.

మొదటిది, మీ గూడెం పటం మీరే వెయ్యుండ్రి. జహీరాబాద్ అక్కలు వేసినట్టు నేల మీద. ఎవరికి రేషన్ కార్డు లేదు? కార్డు ఉన్నా ఏ కోడలు పేరు, ఏ పిల్లగాని పేరు అందుల లేదు? ఏ ఇంటోళ్లు వలస పోయిండ్రు, వాళ్ల ముసలోళ్లు ఎట్ల తింటున్నరు? ఏ పిల్ల అంగన్‌వాడీకి పోతలేదు? ఈ పటం ఉంటే తహసీల్దారు ముందట మన మాట వేరే ఉంటది. "మా దగ్గర సమస్య ఉంది సార్" అనుడు వేరు, "ఈ పదకొండు ఇళ్లు, ఇవి పేర్లు" అనుడు వేరు.

రెండోది, హక్కుల మీద కాపలా. ఆహార భద్రతా చట్టంల 28వ సెక్షన్ సామాజిక తనిఖీ గురించి చెప్తది. 29వ సెక్షన్ విజిలెన్స్ కమిటీల గురించి చెప్తది, అందుల ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు చోటు ఇవ్వాలని ఉంది. ధాన్యం గానీ భోజనం గానీ ఇయ్యకపోతే దాని బదులు భత్యం ఇయ్యాలని 8వ సెక్షన్ చెప్తది. మన రాష్ట్రంల 2015 నుంచి ఆరోగ్య లక్ష్మి నడుస్తున్నది. గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీల ఒక పూట నిండు భోజనం, పాలు, రోజుకు ఒక గుడ్డు పెట్టాలె. మీ చెల్లెకు, మీ వదినకు ఆ గుడ్డు అందుతున్నదా? అడుగుండ్రి. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి, అంగన్‌వాడీ టీచరమ్మతో కొట్లాట పెట్టుకోకుండ్రి. ఆమె కూడా చాలీచాలని జీతంతోనే బతుకుతున్నది. సరుకు పై నుంచి రాలేదంటే, పైకి పోయే దరఖాస్తు మీద ఆమెతోపాటు మనం కూడా సంతకం పెట్టాలె.

మూడోది, ధాన్య నిధి. చిన్నగ మొదలుపెడదాం. ఒక లెక్క చెప్తా. పది ఇళ్లు పక్కపక్కన అరెకరం చొప్పున జొన్న, అందుల కంది వేసినయి అనుకోండి. ఎకరానికి నాలుగు క్వింటాళ్లే వచ్చిందనుకుంటే ఒక్కో ఇంటికి రెండు క్వింటాళ్లు. అందుల నలభై కిలోలు నిధికి ఇస్తే మొత్తం నాలుగు క్వింటాళ్లు. నెలకు ఇరవై కిలోల చొప్పున నాలుగు ఆకలి నెలలకు ఒక ఇంటికి ఎనభై కిలోలు. అంటే పది ఇళ్లు కలిస్తే అయిదు ఇళ్లను వానాకాలం దాటించొచ్చు. తీసుకున్నోళ్లు సగం ధర కడతరు, లేదంటే వచ్చే పంటల గింజ తిరిగిస్తరు, అదీ కాకపోతే కావలి వంతు ఎక్కువ కాస్తరు. దానం అనే మాట వద్దు. దానం తీసుకున్నోడు తల వంచుకుంటడు. నిధిల వాటా ఉన్నోడు మీటింగుల మాట్లాడుతడు. ఇంకొకటి, ఆ గుమ్మి తాళం చెవి ఆడవాళ్ల దగ్గర ఉండాలె. చట్టం కూడా రేషన్ కార్డుల ఇంటి పెద్దగా ఆడమనిషినే పెట్టింది.

నాలుగోది, మన గింజ మన పిల్లల పళ్లెంలకు పోవాలె. గిరిజన సంక్షేమ శాఖ, ఇక్రిశాట్ కలిసి ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం ఐటిడిఎల పరిధిల గిరి పోషణ పేరుతోని జొన్న, చిరుధాన్యాల తిండి అంగన్‌వాడీలకు ఇచ్చినయి. ఒడిశా 2017ల మిల్లెట్ మిషన్ మొదలుపెట్టి ఆదివాసీ జిల్లాల తైదలు కొని రేషన్‌ల కూడా ఇచ్చింది. బ్రెజిల్ దేశంల 2009ల చట్టమే చేసిండ్రు, బడి భోజనానికి కేంద్రం ఇచ్చే పైసల్ల కనీసం 30 శాతం చిన్న రైతుల దగ్గర కొనాలె, అందుల మూలవాసులకు ముందు వరుస ఇయ్యాలె అని. మనం అడిగేది కూడా అదే. మా ఆశ్రమ పాఠశాలల, మా హాస్టల్‌ల, మా అంగన్‌వాడీల వారంల రెండు రోజులన్నా జొన్న, తైద పెట్టుండ్రి. అది మా సంఘాల దగ్గరనే కొనుండ్రి. కొనేటోడు ఖాయంగ ఉంటే పండించేటోడు పత్తి నుంచి మళ్లుతడు. పిల్లకు రక్తం, రైతుకు ధర, రెండూ ఒక్క పనిల అయితయి.

కొంతమంది పెద్దలు అంటరు, "ఊరే చేసుకుంటే ఇక సర్కారు ఎందుకు" అని. ఆ మాటల జాగ్రత్తగ ఉండాలె. మనం ధాన్య నిధి పెట్టుకుంటం కాబట్టి రేషన్ తగ్గించండి అని ఎవడన్నా అంటే ఒప్పుకోవద్దు. జహీరాబాద్ అక్కలు సర్కారు పైసలే అడిగి తీసుకున్నరు. వాటిని ఎట్ల ఖర్చు పెట్టాల్నో మాత్రం వాళ్లే నిర్ణయించుకున్నరు. మన తొవ్వ కూడా అదే. బియ్యం వదులుకోం. బియ్యం దగ్గరనే ఆగిపోం.

ఈ సభ అయిపోయినంక ఫోటోలు దిగుతం, స్టేటస్‌లు పెడతం, మంచిదే. దానికంటే ముందు ఇక్కడ ఉన్న ప్రతి ఊరి పిల్లలు ఇద్దరిద్దరు నా దగ్గరికి వచ్చి పేర్లు రాయించుండ్రి. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. నెల రోజుల్లో మీ గూడెం పటం తయారు కావాలె. పక్కపక్క చెలకలు ఉన్న పది ఇళ్లు ఏవో చూసి పెట్టుండ్రి. విత్తనం కోసం మీ ఇంట్ల ముసలవ్వను అడుగుండ్రి. ఆమె దగ్గర లేకపోతే ఏ ఊర్ల ఉన్నదో ఆమెకే తెలుసు. మళ్లా కలిసినప్పుడు ఉపన్యాసాలు వద్దు, పటాలు పరుచుకొని కూర్చుందాం. మధ్యాహ్నం అన్నం మాత్రం మనమే వండుకుందాం, జొన్న రొట్టె, గెట్టు మీది కూర. మగపిల్లలు రొట్టె చెయ్యడం నేర్చుకొని రావాలె.

జోహార్. జై ఆదివాసీ.